చెత్త బండి వరసలో వాన్‌నింగ్ చోటు

మా నిలయంలో పిల్లల వినోదం చూసుకునే ఉద్యోగం నాది. ఈ మాట చెబితే చాలు, "ఎంత హాయైన ఉద్యోగమే, ఆటలూ పాటలూనూ" అంటారు మా చుట్టాలు. ఒక్క పూట వచ్చి చేసి చూడమంటాను. ఇంతవరకు ఒక్కరూ రాలేదు.

నిలయం పేరు పొద్దుతిరుగుడు. చాంగ్‌హ్వా జిల్లాలో ఒక చిన్న పట్నం చివర, బజారు అయిపోయి వరి పొలాలు మొదలయ్యే చోట ఉంటుంది. బుద్ధి ఎదుగుదల అందరిలా లేని కుర్రకారు ఇక్కడే ఉంటారు, ఇక్కడే తింటారు, ఇక్కడే పోట్లాడుకుంటారు. అలవాటు కొద్దీ పిల్లలు అంటాను గానీ, దావేయ్‌కి నాకన్నా జానెడు ఎక్కువ పొడవూ, దానికి తగ్గ మీసమూ ఉన్నాయి. వాన్‌నింగ్‌కి వచ్చే ఎన్నికలకి ఓటు కూడా వస్తుంది. ఎవరికి వేయాలో ఆ పిల్ల ఇప్పటికే నిర్ణయించుకుంది, మమ్మల్నీ అతనికే వేయమని బెదిరిస్తోంది.

వీళ్ళని సంతోషపెట్టడానికి నేను పడని పాట్లు లేవు. సుగంధ తైలాలతో మనసుకి ప్రశాంతత అంటూ ఒక కార్యక్రమం పెట్టాను. ఒకడు లావెండర్ నూనె సీసా ఎత్తి తాగేశాడు. భయం లేదని డాక్టరు చెప్పాడు గానీ, వాడు తేన్చినప్పుడల్లా భోజనాల గది పెళ్ళివారి విడిదిలా ఘుమఘుమలాడింది. డోలు నేర్పించబోతే దావేయ్ చెవులు మూసుకుని బల్ల కింద దూరాడు. వాణ్ణి బతిమాలడానికి డోలు మాస్టారు కూడా దూరాడు. చివరికి ఇద్దరూ అక్కడే కూర్చుని బిస్కెట్లు తిన్నారు. బెలూన్లతో కుక్కపిల్లలు చేయిస్తే అందరూ కలిసి వాటిని తొక్కి పేల్చారు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు మాత్రం బాగా నవ్వారు.

ఇంత కష్టపడి నేను పెట్టినవేవీ వాళ్ళకి పట్టలేదు. నేను పెట్టనిది మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. అదే చెత్త బండి.

సాయంత్రం బండి పాట వినిపించగానే మా వీధి వీధంతా చెప్పులు ఈడ్చుకుంటూ మందుల కొట్టు మలుపు దగ్గరికి చేరుతుంది. సంచి కింద పడేసి పోతానంటే కుదరదు. చేత్తో పట్టుకుని నిలబడి, బండి ఆగాక అందులో విసరాలి. వేరే వీధుల్లో గుంపుగా ఎగబడతారు. మా మలుపులో వరస ఉంటుంది. ఒకసారి ఎవరిదో సంచి చిరిగి మందుల కొట్టు లియావ్ గారి కొత్త బూట్ల నిండా చేపల పులుసు ఒలికింది. ఆ మర్నాటి నుంచి ఆయన పట్టుబట్టి వరస కట్టించాడు. ఆ వరసలో ఎవరి చోటు వాళ్ళది.

వాన్‌నింగ్ చోటు హాంగ్ అమ్మమ్మ వెనక, లియావ్ మామయ్య ముందు. గులాబీ రంగు రబ్బరు తొడుగులు మోచేతుల దాకా లాక్కుని, వంటింటి సంచి భుజాన వేసుకుని వెళ్ళేది. వెనక దావేయ్, సీసాలూ డబ్బాలూ అట్టపెట్టెలూ మోసుకుంటూ. ఆ వెనక నేను, ఇద్దరినీ కాపలా కాస్తున్నానని నాకు నేను చెప్పుకుంటూ.

అక్కడి మాటలు వింటే తెలిసేది, ఎవరు ఎవరిని కాపలా కాస్తున్నారో.

"ఏమే వాన్‌నింగ్, ఇవాళ ఏం పెట్టారు మీకు?" అనేది హాంగ్ అమ్మమ్మ.

"ముల్లంగి పులుసు. బాగా లేదు. నువ్వు?"

"నాకు నిన్నటిదే."

"రోజూ నిన్నటిదే తింటావా? పళ్ళు ఉన్నాయిగా, కొత్తది వండుకో."

వాన్‌నింగ్ ఎవరినీ మీరు అనదు. సముద్రదేవత గుళ్ళో అమ్మవారిని కూడా నువ్వనే అంటుంది, అదీ కాస్త గద్దించి. లియావ్ గారి భార్య అలిగి పుట్టింటికి వెళ్తే, ఆ సంగతి ఆయన తమ్ముడికన్నా ముందు వాన్‌నింగ్‌కి తెలిసింది. "పూలు పట్టుకెళ్ళు. ఉత్త చేతుల్తో వెళ్తే తలుపు తీయదు" అని వరసలోనే సలహా ఇచ్చింది. ఆయన పట్టుకెళ్ళాడు, ఆవిడ వచ్చేసింది. ఆ తరవాత వీధిలో సగం మంది కాపురాల విషయాలు మా పిల్ల చెవిలో పడుతూ ఉండేవి.

దావేయ్ పద్ధతి వేరు. వాడు మాట్లాడడు. వరస పొడుగునా నడుస్తూ ఒక్కొక్కరి సంచీ విప్పి చూస్తాడు. భోజనం డబ్బాలో మెతుకులు అంటుకుని ఉంటే డబ్బా తీసి వాళ్ళ చేతిలోనే పెట్టి, ఇంటి వైపు వేలు చూపిస్తాడు. పురపాలక సంఘం వాళ్ళంటే లేని భయం మా వీధికి దావేయ్ అంటే ఉంది. వాడు వస్తున్నాడంటే పెద్ద పెద్దవాళ్ళు కూడా డబ్బాలు మళ్ళీ కడుక్కుని వచ్చేవారు.

ఇలా సాగుతూ ఉండగా మా పాత డైరెక్టరు రిటైరై, రాజధాని తైపే నుంచి చు గారు వచ్చారు. మంచి మనిషే. గట్టిగా నవ్వడు, గట్టిగా తుమ్మడు, గట్టిగా తలుపు కూడా వేయడు. ఇరవై అంతస్తుల మేడలో పెరిగినవాడు. ఆ మేడలో చెత్తకి వేరే గది ఉంటుందట, ఎవరో వచ్చి తీసుకుపోతారట. బతుకులో ఒక్కసారి కూడా బండి వెనక పరిగెత్తలేదని ఆయనే చెప్పాడు, ఏదో ఘనకార్యంలా.

ఒకరోజు ఎవరో తల్లి ఆయనకి ఫోన్ చేసింది. కారులో వెళ్తూ మా పిల్లల్ని చూసిందట. చదువూ సంధ్యా నేర్పించమని పంపిస్తే పిల్లల చేత చెత్త మోయిస్తారా అని ఒంటికాలి మీద లేచింది. ఆవిడ కొడుకు బండి దగ్గరికి ఎప్పుడూ రాలేదు, వాడికి బద్ధకం. ఆ మాట ఆవిడకి చెప్పేవాళ్ళెవరు?

చు గారు నన్ను పిలిచి, కుర్చీ చూపించి, టీ పోసి మరీ చెప్పాడు. "రూ గారూ, రేపటి నుంచి చెత్త దగ్గరికి పిల్లలు వెళ్ళొద్దు. వెనక గేటు దగ్గరికి మనిషి వచ్చి తీసుకెళ్తాడు. ఏర్పాటు చేశాను."

"వాళ్ళకి అదంటే ఇష్టమండీ."

"వాళ్ళకి మనం ఇంకా మంచివి చూపించలేదు, అందుకని. వాళ్ళ గౌరవం మనం కాపాడాలి కదా."

"లావెండర్ చూపించాను. తాగేశారు."

ఆయన నవ్వలేదు. ఆ సమయానికి సంగీతం విని ఆనందించే కార్యక్రమం పెడదామన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. టీ మాత్రం బాగుంది, తాగేసి వచ్చాను.

మర్నాడు సాయంత్రం వాన్‌నింగ్ తొడుగులు వేసుకుని గేటు దగ్గర నిలబడింది. వెళ్ళడం లేదని చెప్పాను. ఎందుకంది. డైరెక్టరు గారు వద్దన్నారన్నాను. దూరం నుంచి పాట వినిపించింది, దగ్గరికి వచ్చింది, మలుపులో ఆగింది, మళ్ళీ దూరమైపోయింది. ఆ పిల్ల గేటు ఊచలు పట్టుకుని అలాగే ఉంది.

"అక్కా, నా చోటు పోతుంది" అంది.

"ఎక్కడికి పోతుందే? మలుపు అక్కడే ఉంటుంది."

"మలుపు ఉంటుంది. చోటు పోతుంది."

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. బస్సులో సీటు, గుళ్ళో ముందు వరస, చెత్త బండి దగ్గర చోటు, ఇవన్నీ మనిషి అక్కడ ఉన్నంతసేపే.

ఆ రోజు నుంచి వాన్‌నింగ్ యుద్ధం మొదలుపెట్టింది. వెనక గేటు మనిషికి సంచి దొరకనిచ్చేది కాదు. గదుల్లోంచి బుట్టలు ఖాళీ చేసి, సంచుల్లో కట్టి, కొన్ని మంచం కింద దాచేది. మిగతావి తీసుకెళ్ళి డైరెక్టరు గారి కుర్చీలో కూర్చోబెట్టేది. ఆయన పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా ఒక నల్ల సంచి ఆయన స్థానంలో దర్జాగా కూర్చుని ఉండేది. మొదటి రోజు ఆయన దానికి పొరపాటున నమస్కారం కూడా పెట్టాడని కాపలా ముసలాయన చెప్పాడు. ఆయన మాటలు కొంచెం తగ్గించి నమ్మాలి.

"ఇలా ఎందుకు చేస్తున్నావమ్మా?" అని అడిగాడు చు గారు, ఎంతో ఓర్పుగా.

"నువ్వే కదా తీసుకుంటానన్నావు" అంది వాన్‌నింగ్.

దావేయ్ మాత్రం ఏ యుద్ధమూ చేయలేదు. సాయంత్రం పాట వినపడగానే లేచి, నిలయంలో ఉన్న సీసాలన్నీ సైజుల వారీగా నడవా పొడుగునా పేర్చేవాడు. రాత్రి నీళ్ళు తాగడానికి లేచినవాళ్ళు ఒకళ్ళ తరవాత ఒకళ్ళు కాలు తగిలి పడ్డారు. వంటమనిషి పడింది, నర్సు పడింది, చివరికి చు గారు కూడా పడ్డారు. ఆయన పడటం కూడా చప్పుడు లేకుండానే పడ్డారు.

ఈలోగా జిల్లా నుంచి తనిఖీ కమిటీ వస్తోందని కబురు వచ్చింది. అంతే, చు గారికి కాళ్ళు నేల మీద ఆనలేదు. కమిటీ ముందు ఒక పియానో కచేరీ పెట్టాలి, పిల్లలు చక్కగా కూర్చుని విని ఆనందించాలి, అది చూసి కమిటీ మురిసిపోవాలి. దానికోసం యాన్ మేడమ్‌ని పట్టుకొచ్చాడు. ఆవిడ చిన్నప్పుడే వియన్నా వెళ్ళిపోయి, అక్కడే పెరిగి, జుట్టు నెరిశాక తిరిగి వచ్చింది. వాళ్ళ బావగారి బంగళాలో దిగింది. ఆ బంగళాలో చెత్త సంగతి పనిమనిషి చూసుకుంటుంది.

వాయించబోయే మొదటి పాట ఆవిడ ఒకరోజు మాకు వినిపించింది. ప్రపంచంలో అందరికీ తెలిసిన బాణీ అంది. నిజమే, అందరికీ తెలుసు. మా వీధిలో కుక్కలకి కూడా తెలుసు. అది చెత్త బండి పాట.

నేను చు గారి గదికి వెళ్ళి చెప్పాను. "ఆ పాట వద్దండీ. అది బండి పాట."

"రూ గారూ, అది గొప్ప సంగీతం. బండి వాడుకుంటే దాని తప్పా? దాన్ని దాని స్థానంలో మళ్ళీ నిలబెట్టడం మన బాధ్యత."

ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పడానికి నేనేమన్నా ఆయన మేనత్తనా?

కమిటీ మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది. ముగ్గురు. వాళ్ళలో పెద్దావిడ పొట్టిగా, తెల్ల జుట్టుతో, ఏది చూపించినా "ఊఁ" అనే రకం. పక్కన ఒక కుర్రాయన సగ్గుబియ్యపు ఉండలు వేసిన ముత్యాల టీ గ్లాసు వదలకుండా తిరుగుతున్నాడు. మూడో ఆయనకి నిద్ర వస్తోంది. ముంగిట్లో కుర్చీలు వేయించాం. తల్లిదండ్రులు వచ్చారు. వాళ్ళ కోసం గేటు బార్లా తెరిచి పెట్టాం. బల్ల మీద అనాస కేకులు పళ్ళేల్లో పేర్చాం. వీధివాళ్ళని మాత్రం పిలవలేదు, ఎందుకంటే అది చు గారికి తట్టలేదు.

పియానో చప్పుడు అందరికీ వినపడాలని చు గారు స్పీకర్లు తెప్పించారు. మా ఊళ్ళో స్పీకర్లు అద్దెకిచ్చేది ఒక్కడే, చావులకీ విందులకీ అవే. అందులోంచి ఏది వచ్చినా రేకు డబ్బాలో వాయించినట్టే ఉంటుంది. యాన్ మేడమ్ నల్లగౌను సర్దుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, వేళ్ళు ఆనించింది. వియన్నా పియానో కాస్తా స్పీకర్లోంచి అచ్చంగా బండి పాటై బయటికి వచ్చింది.

మొదట దావేయ్ లేచాడు. తరవాత పిల్లలంతా లేచారు. తల్లిదండ్రుల్లో ఒకాయన సగం లేచి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి, మళ్ళీ కూర్చున్నాడు. చు గారు పెదాలు కదుపుతూ "కూర్చోండి, కూర్చోండి" అంటున్నారు. ఎవరు వింటారు? వాన్‌నింగ్ జేబులోంచి తొడుగులు తీసి లాక్కుంటూ లోపలికి పరుగెత్తింది. మంచాల కింద దాచిన సంచులన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. లావెండర్ తాగినవాడు రెండు చేతులా రెండు పట్టుకొచ్చాడు. వెనకాల ఆ ఫోన్ చేసిన తల్లి కొడుకు, ఆ బద్ధకస్తుడు, ఒక సంచి ఈడ్చుకుంటూ వచ్చాడు. వాళ్ళమ్మ ముందు వరసలోనే కూర్చుని ఉంది. వాడు ఆవిడకి చెయ్యి ఊపాడు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ముట్టుకోడట. ఆవిడ నోరు తెరిచింది, మళ్ళీ మూయడానికి చాలాసేపు పట్టింది.

యాన్ మేడమ్ ఒక కన్ను తెరిచి చూసింది. జనం అంతా లేచి నిలబడ్డారు. తన సంగీతానికే కదిలిపోయారనుకుంది పాపం. కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకా గట్టిగా, మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పుడు గేటు లోపలికి హాంగ్ అమ్మమ్మ వచ్చింది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో చేతికర్ర, కాళ్ళకి వేర్వేరు చెప్పులు. ఆవిడ వెనక లియావ్ గారు, ఆయన వెనక కూరగాయలామె, వక్కల కొట్టు అమ్మాయి, సైకిలు బాగుచేసే ఆయన, ఆయన బావమరిది. అందరి చేతుల్లోనూ సంచులు.

"ఇవాళేంటి, ఇంత ఎండలో వచ్చాడు?" అంటోంది కూరగాయలామె.

"తుఫాను వస్తుందేమో. అందుకే ముందే వచ్చేసుంటాడు" అన్నాడు సైకిళ్ళాయన.

"తుఫానైతే మాత్రం, బండి లోపలికి తీసుకొస్తాడా ఎవడైనా? ఇక్కడ తిప్పుకోవడానికి చోటెక్కడ?"

"నీకెందుకు? నిలబడు ముందు."

నిలబడ్డారు. పియానో ముందు, కమిటీ పక్కన, అనాస కేకుల బల్ల చుట్టూ తిరిగి చక్కగా వరస కట్టారు. లియావ్ గారు ముందుకి వంగి వరస తిన్నగా ఉందా లేదా చూసుకున్నారు. దావేయ్‌కి పండగే పండగ. ఒక చివర నుంచి సంచులు విప్పడం మొదలుపెట్టాడు. కమిటీ కుర్రాయన పక్కన కూర్చుని ఉండటంతో అతనూ వరసలో మనిషే అనుకున్నాడు. చేతిలోంచి ముత్యాల టీ గ్లాసు తీసుకున్నాడు, మిగిలింది గటగటా తాగేశాడు, మూత వేరు, గొట్టం వేరు, గ్లాసు వేరు చేసి మూడూ అతని ఒళ్ళో పెట్టి, కొళాయి వైపు వేలు చూపించాడు. అతను లేచి వెళ్ళి కడుక్కుని వచ్చాడు.

వాన్‌నింగ్ పరుగెత్తుకుంటూ వచ్చి హాంగ్ అమ్మమ్మ వెనక దూరింది. లియావ్ గారు ఒక అడుగు వెనక్కి జరిగారు. ఆ పిల్ల మొహం చూశాను. అబద్ధం ఎందుకు, ఏడుపొచ్చింది.

"ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళు?" అంది హాంగ్ అమ్మమ్మ వెనక్కి తిరిగి. "జబ్బు చేసిందేమోనని భయపడి చచ్చాం."

"డైరెక్టరు వద్దన్నాడు."

"ఎవడూ?"

వాన్‌నింగ్ వేలు చూపించింది. వరస మొత్తం తిరిగి చు గారిని చూసింది. ఆయన గ్రంథాలయంలో దగ్గొచ్చినవాడిలా అయిపోయాడు.

"ఎందుకు నాయనా వద్దన్నావు?" అంది అమ్మమ్మ.

"అంటే... చెత్త మోయడం... పిల్లల గౌరవం గురించండీ..."

"నేను రోజూ మోస్తానే. నీ లెక్కన నాకు గౌరవం లేదా?"

"అయ్యో, మీ సంగతి వేరండీ."

"ఎందుకు వేరు? నాకు మోకాళ్ళ నొప్పులనా?"

చు గారు నా వైపు చూశారు. నేను అనాస కేకుల వైపు చూశాను.

కూరగాయలామె కూడా అందుకుంది. "నీకేం బాబూ, హాయిగా వద్దనేశావు. ఈ అబ్బాయి రాకపోయేసరికి మా వీధిలో ఎవరూ డబ్బాలు కడగడం లేదు. బండివాడు రోజూ మా మొహానే కొట్టి పోతున్నాడు. మా ఆయనకి నేను చెబితే వింటాడా? ఇతను వేలు చూపిస్తేనే లేస్తాడు."

కమిటీ పెద్దావిడ అప్పుడు లేచింది. "ఊఁ" అనలేదు. మెల్లగా వరస దగ్గరికి వచ్చి వాన్‌నింగ్ ముందు నిలబడింది. ప్రతి చోటా అడిగే ప్రశ్నే అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చు గారు పిల్లలందరికీ ముందే నేర్పించి పెట్టారు, పియానో అని.

"అమ్మాయ్, ఇక్కడ నీకు అన్నిటికన్నా ఏది ఇష్టం?"

"ఇదే."

"చెత్తా? కంపు కొట్టదూ?"

"కొడుతుంది."

"మరి ఏం బాగుంటుంది ఇందులో?"

వాన్‌నింగ్ ఈవిడకేం తెలియదా అన్నట్టు చూసింది. తొడుగు వేసిన వేలుతో ముందుకి చూపించింది. "ముందు అమ్మమ్మ." వెనక్కి చూపించింది. "వెనక మామయ్య." వేలు తన గుండె మీద పెట్టుకుంది. "మధ్యలో నేను."

యాన్ మేడమ్ అప్పుడే వాయించడం ఆపింది. ఇన్ని సంచులెందుకున్నాయో ఆవిడకి ఇప్పటికి అర్థమవుతున్నట్టుంది. లావెండర్ తాగినవాడు ఆ నిశ్శబ్దంలో ఒక్క తేన్పు తేన్చాడు.

పెద్దావిడ చు గారి వైపు తిరిగింది. "ఇంతకీ బండి ఎప్పుడొస్తుంది?"

"సాయంత్రం అండీ" అన్నాను నేను, ఆయన నోరు పెగిలేలోపు.

"అయితే ఉంటాం" అని ఆవిడ కూర్చుని ఒక కేకు తీసుకుంది.

ఇక చూడండి. బండి రాలేదని తెలిశాక కూడా ఒక్కరూ ఇంటికి పోలేదు. కట్టిన సంచి మళ్ళీ ఇంట్లోకి ఎవరు తీసుకెళ్తారంది కూరగాయలామె. సంచులన్నీ గేటు పక్కన పెట్టి, తల్లిదండ్రుల కుర్చీల్లో కూర్చుని, అనాస కేకులు ఖాళీ చేసి, టీ అడిగారు. యాన్ మేడమ్ సిగ్గుతో పియానో మూయబోతే, సైకిళ్ళాయన బావమరిది ఆపి, తనకి తెలిసిన పాట వాయించమన్నాడు. ఆవిడకి రాదు. అతను పాడాడు, ఆవిడ వెతుక్కుంటూ వాయించింది, పిల్లలు దానికి గెంతారు. నిద్రొస్తున్న కమిటీ ఆయన కూడా లేచి గెంతాడు. నేను ఇన్నేళ్ళుగా పెట్టిన కార్యక్రమాలన్నీ కలిపినా అందులో సగం సరదా లేదు. నాకు కుళ్ళుగా ఉండాల్సింది, లేదు.

పొద్దు వాలుతుండగా అసలు బండి పాట పొలాల అవతల నుంచి వినిపించింది. వీధివాళ్ళు సంచులు లాక్కుని ఒక్క ఉదుటున పరుగెత్తారు. వాన్‌నింగ్ పరుగెత్తలేదు. చు గారి ముందుకి వచ్చి నిలబడింది. ఊరికే చూసింది.

ఆయన టై సర్దుకున్నాడు. కమిటీని చూశాడు. తరవాత ఆ పిల్ల తొడుగుల వైపు చూశాడు. "నడు" అన్నాడు. ఆ ఒక్క మాటా గట్టిగానే అన్నాడు.

మేం మలుపుకి చేరేసరికి వరస కట్టేసి ఉంది. హాంగ్ అమ్మమ్మ వెనక, లియావ్ గారి ముందు, నూడుల్స్ కొట్టువాళ్ళ కొత్త కోడలు నిలబడి ఉంది. మధ్యాహ్నం ఆ పిల్ల కొట్టు విడిచి రాలేదు, ఇదంతా తెలియదు.

"జరుగు. ఇది నా చోటు" అంది వాన్‌నింగ్.

"నీ పేరేమన్నా రాసి ఉందా? నేను రోజూ ఇక్కడే నిలబడుతున్నాను" అంది కోడలు.

"నువ్వు రాకముందు నుంచి నాది."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశావు, నిద్రపోయావా?"

వాన్‌నింగ్ హాంగ్ అమ్మమ్మ వైపు చూసింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నన్ను చూస్తే ఏం లాభమే? నా ఒక్కదాని చోటు పట్టుకోవడమే నాకు గగనంగా ఉంది. ఈ అమ్మాయి ముందొచ్చింది. వెనక్కి పో."

లియావ్ గారు ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డారు. వరస ఆయన పెట్టిందే, తనే దాన్ని తప్పలేరు.

చు గారికి ప్రాణం ఉసూరుమంది. గబగబా ముందుకొచ్చాడు. "అమ్మా, కొంచెం దయ చూడండి. ఈ అమ్మాయి మా నిలయం పిల్ల. మనం కాస్త ప్రత్యేకంగా..."

"నువ్వు ఊరుకో" అంది వాన్‌నింగ్.

సంచి భుజాన వేసుకుని, వరస పొడుగునా అందరినీ దాటుకుంటూ, చివరికంటా వెళ్ళి నిలబడింది. మొహం కందగడ్డలా ఉంది. అక్కడి నుంచే అరిచింది. "రేపు నీకంటే ముందొస్తాను. చూడు."

"రా, చూస్తాను" అంది కోడలు వెనక్కి తిరగకుండానే.

వరస అంతా నవ్వింది. వాన్‌నింగ్ నవ్వలేదు గానీ, గడ్డం మాత్రం పైకెత్తి నిలబడింది. చు గారు ఏం చేయాలో తోచక వచ్చి ఆ పిల్ల పక్కన నిలబడ్డాడు. బండి పాట దగ్గరైంది.

"పక్కన కాదు. వరసలో నిలబడు" అంది వాన్‌నింగ్. "నా వెనక."

ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. రెండు చేతులూ చూసుకున్నాడు. "నా దగ్గర సంచి లేదు కదమ్మా."

"రేపు తెచ్చుకో" అంది వాన్‌నింగ్.